నాలుగు ప్రశ్నార్థకాలు

మా వాడి కాలికి పిండికట్టు వేసి అప్పటికి తొమ్మిదో రోజు. కాలవ గట్టు మీద సైకిల్ తొక్కుతూ కొబ్బరి డొక్కల కుప్ప మీదికి ఎక్కించేశాడు. ఎడమ కాలు మోకాలి కింద విరిగింది. ఆరు వారాలు నేల మీద మోపకూడదన్నారు. పదమూడేళ్ల పిల్లాడు, వేసవి సెలవులు, 2022 మే నెల ఎండ. పగలంతా కట్టు లోపల దురద, రాత్రయితే పోటు. కంచం ముందు పెడితే రెండు ముద్దలు తిని పక్కకి తోసేసేవాడు. దురద ఆపుకోలేక ఏడుస్తుంటే మా ఆవిడ చీపురు పుల్ల కట్టు లోపలికి పోనిచ్చి గోకేది. అది చెయ్యకూడదని మాకు తెలీదు.

వాడు అడిగింది ఒక్కటే. "నాన్నా, మన టీమ్‌తో క్రికెట్ ఆడతాను. కంప్యూటర్లో పెట్టవా?"

ఈఏ స్పోర్ట్స్ వాళ్ల క్రికెట్ 07 అనే ఆట 2006 నవంబరులో వచ్చింది. ఆ తర్వాత ఆ కంపెనీ కంప్యూటర్లకి మళ్లీ క్రికెట్ ఆట చెయ్యలేదు. అందులో ఆస్ట్రేలియా, ఇంగ్లాండు ఆటగాళ్లకి అసలు పేర్లు ఉండేవి. మన వాళ్ల పేర్లు అక్షరాలు అటూ ఇటూ మార్చి పెట్టారు, హక్కులు లేక. అందుకని మన దేశంలో ఈ ఆట మొదట్నుంచీ మార్పులతోనే బతికింది. ఐపీఎల్ మొదలైంది 2008 ఏప్రిల్‌లో. ఆట వచ్చేనాటికి ఐపీఎల్ లేనే లేదు. అయినా ప్రతి ఏడూ కొత్త జెర్సీలు, కొత్త మొహాలు, బ్యాట్ల మీద స్టిక్కర్లు, స్టేడియంలు ఎక్కడెక్కడి కుర్రాళ్లో కూర్చుని తయారుచేస్తూ వచ్చారు, పైసా ఆశించకుండా. దాన్ని మేం ప్యాచ్ అంటాం. బొమ్మలు ఎఫ్ఎస్‌హెచ్ అనే రకం ఫైళ్లలో ఉంటాయి. ఎవరు ఏ జట్టు, బ్యాటింగా బౌలింగా, ఎవరి సత్తా ఎంత అన్నది రోస్టర్ ఫైల్లో ఉంటుంది. అప్పటికి పదహారేళ్ల నాటి ఆటని పిల్లలు ఆ ఏటి ఆటలాగా ఆడుకోగలిగారంటే ఆ కుర్రాళ్ల పుణ్యమే.

మా వాడి జతగాడు కాలవకి అవతల పేటలో ఉంటాడు. ఇద్దరిదీ ఒకే బడి, ఒకే బెంచీ. ఆ పిల్లాడి అన్న అప్పుడు కాకినాడలో పాలిటెక్నిక్ చదువుతున్నాడు. ఉగాదికి వచ్చినప్పుడు ఆ ఏడు కొత్తగా చేరిన గుజరాత్, లక్నో జట్లున్న ప్యాచ్ తెచ్చి, దాంతోపాటు రోస్టర్లో ఒక జట్టుని తీసేసి ఆ చోట మా పిల్లల పేర్లు ఎక్కించాడు. మా ఊరి వాళ్లు ఆరుగురు, పేట వాళ్లు అయిదుగురు. మా వాడు ఓపెనర్. జతగాడు కొత్త బంతితో వేస్తాడు. మన టీమ్ అంటే అదీ.

పేటలో వాళ్లింట్లో కంప్యూటర్ విండోస్ మీద నడుస్తుంది. మా ఇంట్లో ఉన్నది లినక్స్.

నాకు అంబాజీపేటలో జిరాక్స్, డీటీపీ షాపుంది. పెళ్లి శుభలేఖలు, కొబ్బరి కొట్ల బిల్లు పుస్తకాలు, కర్మకాండ పత్రికలు. షాపులో విండోస్, అనూ ఫాంట్లు. పొద్దున్నుంచి రాత్రి దాకా టైపు చేసేది తెలుగే అయినా లోపల నిలవుండేది తెలుగు కాదు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే అంతా పిచ్చి గుర్తులు. అందుకని ఇంట్లో పాత ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ పోయినప్పుడు కొత్తది వేసి డెబియన్ 11 ఎక్కించుకున్నాను, తెలుగులోనే. మెనూలు తెలుగు, ఫోల్డర్ల పేర్లు తెలుగు. 'ఖాతాలు', 'ఫొటోలు', 'ఆటలు'. ఆ పేర్లు అలా కనిపిస్తుంటే నాకు చెప్పలేనంత ఇష్టం.

విండోస్ కోసం రాసిన ప్రోగ్రాం లినక్స్ మీద నడవాలంటే మధ్యలో దుబాసీ కావాలి. ఆ దుబాసీ పేరు వైన్. 1993లో మొదలైంది, 1994 నుంచి అలెగ్జాండర్ జూలియార్డ్ దాన్ని నడిపిస్తున్నాడు. ప్రోగ్రాం విండోస్‌ని ఏదైనా అడిగితే వైన్ ఆ మాట వింటుంది, లినక్స్‌కి అర్థమయ్యేలా చెప్పి పని చేయిస్తుంది. 2018లో వాల్వ్ కంపెనీ దీని మీదే ప్రోటాన్ అని కట్టింది. మేం ఈ పాట్లు పడటానికి మూడు నెలల ముందే, ఫిబ్రవరిలో, ఆ ప్రోటాన్‌తో నడిచే స్టీమ్ డెక్ అనే చేతి కంప్యూటర్ కూడా వచ్చింది. కానీ ఎప్పటిదో డిస్క్, పైన ఇంట్లో చేసిన ప్యాచ్. వీటికి అంగట్లో కొనుక్కునే దారి లేదు. వైన్ తెచ్చుకుని ఎవరికి వాళ్లు కుస్తీ పట్టాల్సిందే.

మే 24, మంగళవారం మధ్యాహ్నం షాపు మధ్యలో ఇంటికొచ్చి, భోజనం చేస్తూనే వైన్ దింపి పెట్టాను. రాత్రికి ఆట ఎక్కిద్దామని మా వాడికి మాటిచ్చాను.

ఆ సాయంత్రమే మా జిల్లా కేంద్రం అమలాపురం తగలబడింది. ఏప్రిల్ 4న ఏర్పడిన కోనసీమ జిల్లాకి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు చేరుస్తూ ప్రభుత్వం మే 18న ముసాయిదా ప్రకటన ఇచ్చింది. దాన్ని వద్దంటూ తీసిన ఊరేగింపు అదుపు తప్పింది. మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు, బస్సులు కాల్చేశారు. నేను షాపు షట్టర్ దించి ఇంటికొచ్చేసరికి వీధి వీధంతా అరుగుల మీద ఉంది. తెల్లారేసరికి ఫోన్లలో నెట్ ఆపేశారు.

బుధవారం పొద్దున్న డిస్క్ పెట్టి సెటప్ మీద నొక్కితే ఏమీ కాలేదు. టెర్మినల్లోంచి నడిపితే వైన్ ఇంగ్లీషులో చెప్పింది: వైన్32 లేనట్టుంది, ఇన్‌స్టాల్ చెయ్యాలి, అంతకన్నా ముందు 32 బిట్లవీ పెట్టుకోనిచ్చే మల్టీఆర్చ్ ఆన్ చెయ్యాలి, ఇదిగో ఈ మూడు కమాండ్లు కొట్టు. ఆట 32 బిట్లది. నేను దింపింది 64 బిట్ల వైన్ ఒక్కటే. ఏం తక్కువైందో, ఎలా తెచ్చుకోవాలో అంత స్పష్టంగా చెప్పింది. మొదటి కమాండ్ పనిచేసింది. రెండోది నెట్ కోసం వెతికి వెతికి ఆగిపోయింది.

మా వాడు మంచం మీంచి చూస్తూనే ఉన్నాడు. "నెట్ వచ్చాక అవుతుందిరా" అన్నాను. "ఎప్పుడొస్తుంది?" అన్నాడు. ఎవరికి తెలుసు?

కోనసీమలో ఉన్నవాళ్లకి నెట్ కావాలంటే గోదావరి దాటాలి. గురువారం తెల్లవారుజామున బండి తీశాను. కొత్తపేట మీదుగా రావులపాలెం, అక్కడ గోదావరి పాయ వశిష్ఠ మీద వంతెన, అవతల సిద్ధాంతం. దారిలో రెండు చోట్ల పోలీసులు ఆపారు. పెనుగొండలో మేనత్త ఇంటికి, అన్నాను. అబద్ధం కాదు. వంతెన నడిమికి వచ్చేసరికి జేబులో ఫోన్ కొట్టుకోవడం మొదలైంది, రెండు రోజుల మెసేజీలన్నీ ఒక్కసారి. గట్టు దిగాక రోడ్డు పక్క చెట్ల కింద వరసగా కుర్రాళ్లు, ఆడపిల్లలు ల్యాప్‌టాప్‌లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఇంటి నుంచి ఉద్యోగం చేసే సాఫ్ట్‌వేర్ వాళ్లు. ఒకమ్మాయి గొడుగు కింద కూర్చుని ఎవరికో ఇంగ్లీషులో క్షమాపణ చెబుతోంది. వాళ్లది ఉద్యోగం, నాది ఆట. అయినా ఆ పూట నాకు నా పనేమీ తక్కువ అనిపించలేదు.

మేనత్త మనవడి కంప్యూటర్లో వైన్32 అన్న ఫైలు దింపి పెన్‌డ్రైవ్‌లో వేసుకుని మధ్యాహ్నానికి ఇంటికొచ్చాను. విండోస్ అలవాటు. ఒక ఫైలు తెస్తే పని అయిపోతుందనుకున్నాను. ఎక్కించబోతే దానికి ఇంకోటి కావాలంది, ఆ ఇంకోదానికి మరో పది. కాగితం మీద రాసుకుంటూ పోయాను. ముప్పై దాటాక పెన్ను పక్కన పెట్టేశాను. రాను పోను ఎనభై కిలోమీటర్లు, ఎండలో. పిల్లాడు ఏమీ అనలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఏడ్చినా బాగుండేది.

శుక్రవారం మళ్లీ బయల్దేరాను, ఈసారి ల్యాప్‌టాప్‌తోనే. దాని బ్యాటరీ ఎప్పుడో పోయింది, గోడ ప్లగ్గు ఉంటేనే బతుకుతుంది. లేకపోతే నేనూ ఆ చెట్టు కిందే కూర్చునేవాణ్ని. దుప్పటిలో చుట్టి, కొబ్బరి తాడుతో వెనక సీటుకి కట్టాను. రావులపాలెం దగ్గర మూట విప్పించారు. ఒక కానిస్టేబుల్ ల్యాప్‌టాప్ తెరవమన్నాడు. ప్లగ్గు లేకుండా తెరుచుకోదండి అంటే నమ్మలేదు. పావుగంట ఎండలో నిలబడ్డాను. చివరికి ఆఫీసు పనా అని అడిగాడు. పిల్లాడికి కాలు విరిగిందండి, ఆట కోసం అన్నాను. నా మొహంలోకి చూసి, కట్టుకో అన్నాడు.

పెనుగొండలో ఆ మూడు కమాండ్లు మళ్లీ కొట్టాను. వందకి పైగా ప్యాకేజీలు వరసగా దిగుతుంటే చూస్తూ కూర్చున్నాను. బొమ్మలు గీసే 32 బిట్ల మీసా ఫైళ్లు కూడా గుర్తుపెట్టుకుని అడిగాను. అత్త పెరుగన్నం పెట్టి, "ఇంత ఎండలో ఆట కోసం తిరుగుతున్నావేంట్రా" అంది. తర్వాత తనే, "ఇంకేమైనా కావాలేమో చూసుకో, మళ్లీ రాలేవు" అంది. ఇంకేం కావాలో ఆ పూట నాకు తెలీదు.

రాత్రికి ఆట ఎక్కింది. మొదట తెరంతా నలుపు, పాట మాత్రం వినబడుతోంది. వైన్ సెట్టింగుల్లో వర్చువల్ డెస్క్‌టాప్ అని ఉంటుంది, ఆటకి తెరలోనే ఒక గీత గీసి ఇంత చోటే నీది అని చెప్పడం. 1024కి 768 ఇచ్చాను. బొమ్మ వచ్చింది. ఆస్ట్రేలియా, ఇంగ్లాండు వచ్చాయి. మా వాడు లేచి కూర్చుని, "ప్యాచ్ ఏది?" అన్నాడు.

ప్యాచ్ కాలవ అవతలుంది.

ఇక్కడే నేను రెండు రోజులు ఆగిపోయాను. శనివారం వెళ్లలేదు, ఆదివారం వెళ్లలేదు. కాలవ మీద సిమెంటు బల్ల దాటితే రెండు నిమిషాల నడక. ఎనభై కిలోమీటర్లు రెండుసార్లు తిరిగినవాణ్ని ఆ రెండు నిమిషాలు నడవలేకపోయాను. ఎవరూ వెళ్లొద్దని నాతో అనలేదు. మా అరుగు మీద ఆ నాలుగు రోజులూ పేట వాళ్ల గురించి దొర్లిన మాటలు మాత్రం విన్నాను. విని ఊరుకున్నాను. నన్ను అటు వెళ్తుండగా చూస్తే ఏమనుకుంటారోనని ఒక భయం. అవతలి వాళ్లు నన్ను చూసి ఏమనుకుంటారోనని ఇంకో భయం. ఆదివారం రాత్రి టీవీలో ఐపీఎల్ ఫైనల్. గుజరాత్ వచ్చిన మొదటి ఏడే కప్పు కొట్టింది. మా వాడు ఫోన్ చేసి జతగాడితో మాట్లాడాడు, ఫోన్లు పనిచేస్తూనే ఉన్నాయి. "మా నాన్న వస్తాడు" అని చెప్పాడు, నన్ను అడక్కుండానే.

సోమవారం మిట్టమధ్యాహ్నం బల్ల దాటాను. చెట్టు కింద కూర్చున్న నలుగురు మాట ఆపేశారు. ఆ పిల్లాడి తండ్రి తాపీ మేస్త్రి. మా ఇంటి మెట్లు కట్టింది ఆయనే. గుమ్మంలోంచి చూసి లేచి వచ్చి, "రండి, ఎండలో నిలబడ్డారేంటండీ" అన్నారు. కుర్చీ వేశారు. ఏం మాట్లాడాలో ఇద్దరికీ తోచలేదు. ఆయన భార్య ఆశా కార్యకర్త, మామూలుగా వారానికోసారి మా వీధికి వచ్చే మనిషి. మంచినీళ్లు ఇస్తూ, "బాబు కాలు ఎలా ఉందండి? వేళ్లు వాచాయా? రంగు మారాయా?" అని అడిగింది. లేదన్నాను. దురదకి పుల్ల పెడుతున్నామని చెప్పాను. ఆవిడ మొహం మారిపోయింది. "వద్దండి, వద్దు. లోపల గీరుకుంటే పుండు పడుతుంది, కట్టు తీసేదాకా మీకు తెలీదు. పైన తట్టండి, ఫ్యాను గాలి కొట్టండి. నేనే వచ్చి చెప్పేదాన్ని" అని ఆగిపోయింది. ఎందుకు రాలేదో నేను అడగలేదు.

జతగాడు లోపల్నుంచి పెన్‌డ్రైవ్ తెచ్చాడు, నల్ల దారం కట్టి ఉంది. దాంతోపాటు నోట్‌బుక్ కాగితం. 1. బొమ్మల ఫోల్డర్లో ఉన్నవన్నీ గేమ్ ఫోల్డర్లో పేస్ట్ చెయ్యాలి. పాతవాటి మీద రాయాలా అని అడుగుద్ది, అన్నిటికీ అవును అనాలి. 2. ప్యాచ్ డబుల్ క్లిక్. 3. రోస్టర్ డాక్యుమెంట్స్‌లో గేమ్ పేరున్న ఫోల్డర్లో. అంతా తెలుగులో, గుండ్రటి చేతిరాత.

ఇంటికొచ్చి మొదటిది చేశాను. పెన్‌డ్రైవ్‌లో మిగిలినవి నా 'ఆటలు' ఫోల్డర్లోకి ఎక్కించి రెండోది నొక్కాను. ఫైలు దొరకలేదంటూ చిన్న పెట్టె వచ్చింది. అందులో దారి రాసి ఉంది. నా ఫోల్డర్ పేరు ఉండాల్సిన చోట నాలుగు ప్రశ్నార్థకాలు.

చాలాసేపు వాటివైపే చూశాను. 'ఆటలు' రాస్తే కంటికి మూడక్షరాలు. ఆ, ట, లు. నాలుగో గుర్తు ఎక్కడిది? తర్వాత వెలిగింది. యూనికోడ్‌లో ల వేరు, దాని కొమ్ము వేరు. ఆ, ట, ల, కొమ్ము. ఒక్కోదానికి ఒక్కో ప్రశ్నార్థకం. పాతకాలపు విండోస్ ప్రోగ్రాములు అక్షరాలని 256 గళ్ల పట్టికలో వెతికేవి, ఒక్కో భాషకి ఒక్కో పట్టిక. రష్యన్‌కి ఉంది, గ్రీకుకి ఉంది, అరబ్బీకి ఉంది. తెలుగుకి విండోస్‌లో ఆ ప్రోగ్రాములకి పనికొచ్చే పట్టిక ఎన్నడూ లేదు. విండోస్‌లోకి మన భాష ఎక్స్‌పీ నాడు నేరుగా యూనికోడ్‌తోనే వచ్చింది. యూనికోడ్ తెలియని ఈ చిన్న ప్యాచ్ ప్రోగ్రాంకి నా ఫోల్డర్ పేరు చదవడం చేతకాలేదు. షాపులో అనూ ఫాంట్లతో ఇరవై ఏళ్లుగా నేను పడుతున్నదీ ఇదే బాధ. మన అక్షరానికి చోటు లేక దొంగ గళ్లలో కూర్చోబెట్టడం. ఇంట్లో దాన్నుంచి తప్పించుకున్నాననుకున్నాను.

పేరు ఇంగ్లీషులోకి మార్చాను. మార్చేటప్పుడు మనసు చివుక్కుమంది. ప్యాచ్ నడిచింది, అయిపోయిందని చెప్పింది.

ఆట తెరిస్తే సగం గుజరాత్, సగం పాత ఇంగ్లాండు. జట్టు పేరు కొత్తది, ఒంటి మీద చొక్కా పాతది. మొహాలు కొన్ని మారాయి, కొన్ని లేదు. మూడుసార్లు తుడిచి మళ్లీ ఎక్కించాను. ప్రతిసారీ అదే. మంగళవారం అంతా పోయింది. షాపు ఎలాగూ మూసే ఉంది.

రాత్రి ఒంటిగంటకి ఆ కాగితం మళ్లీ చదివాను. 'పాతవాటి మీద రాయాలా అని అడుగుద్ది.' నన్ను అడగలేదు. ఒక్కసారి కూడా అడగలేదు.

విండోస్‌కి ఇంగ్లీషు పెద్దక్షరం, చిన్నక్షరం ఒకటే. లినక్స్‌కి రెండూ వేరు. డిస్క్ లోంచి వచ్చిన ఫైళ్ల పేర్లు చిన్నక్షరాల్లో ఉన్నాయి, కాకినాడ కుర్రాడి బొమ్మల పేర్లు చాలావరకు పెద్దక్షరాల్లో. నేను పేస్ట్ చేసినప్పుడు కొత్తవి పాతవాటి మీద కూర్చోలేదు, పక్కన కూర్చున్నాయి. ఒకే ఫోల్డర్లో ఒకే పేరుతో ఇద్దరిద్దరు. వైన్ విండోస్‌లాగా తేడా చూడకుండా వెతికి, పాతదాన్ని పట్టుకుంటోంది. ప్యాచ్ ప్రోగ్రాం తన చేత్తో రాసినవి మాత్రం సరైన చోట పడ్డాయి. అందుకే సగం సగం.

పేర్లన్నీ చిన్నక్షరాలకి మార్చాలి. రెండొందల పైచిలుకు ఫైళ్లు. చేత్తో మారిస్తే తెల్లారుతుంది. ఒక్క కమాండ్‌తో మార్చే దారి ఉందని తెలుసు, ఎలాగో తెలీదు. మామూలుగా అయితే నెట్‌లో అడుగుతాను. అప్పుడు గుర్తొచ్చింది, డెబియన్‌తోపాటు మ్యాన్ పేజీలు డిస్క్ మీదే ఉంటాయి. ప్రతి కమాండ్‌కీ దాదాపుగా వివరం రాసి లోపల పెట్టారు. అన్నాళ్లలో ఒక్కసారి కూడా తెరిచి చదివినవాణ్ని కాదు. టెర్మినల్లో కమాండ్లు నడిపే బాష్ అనే ప్రోగ్రాం పేజీ తెరిచాను. అంత పొడుగు ఇంగ్లీషు నేను బడి మానేశాక ఎన్నడూ చదవలేదు. వేలు పెట్టుకుని లైను లైనూ చదివాను. పేరు వెనక రెండు కామాలు పెడితే అక్షరాలన్నీ చిన్నవి అవుతాయని ఎక్కడో మధ్యలో ఉంది. ముందు మొత్తం ఫోల్డర్‌కి నకలు తీసుకున్నాను. తర్వాత కమాండ్ కొట్టాను. ఒక లైను, రెండు కామాలు.

నాలుగుంబావుకి ఆట తెరిచాను. నీలం చొక్కాలు. మా వాడు నిద్రపోలేదు, ఆ రాత్రంతా చూస్తూనే ఉన్నాడని అప్పుడు తెలిసింది. రోస్టర్ కూడా వేసి జట్ల జాబితా కిందికి దింపాను. పదకొండు పేర్లు, ఇంగ్లీషు అక్షరాల్లో. మొదటి పేరు వాడిది. కట్టు వేసిన కాలు మంచం మీద బార్లా చాపి, కీబోర్డు పొట్ట మీద పెట్టుకుని మొదటి ఓవర్ ఆడాడు. మూడో బంతికి అవుటయ్యాడు. పొద్దున్న ఇడ్లీలు ఆరు తిన్నాడు.

సుమారు రెండు వారాల తర్వాత నెట్ వచ్చింది. జతగాడు వచ్చింది దానికి రెండు రోజుల ముందు, వాళ్లమ్మతో. ఆవిడ మొదట కట్టు చూసింది, వేళ్లు నొక్కి రంగు చూసింది, అప్పుడు కూర్చుంది. మా అరుగు మీద వాళ్లెవరో ఆవిణ్ని చూసి లోపలికి వెళ్లిపోయారు. నేను గుమ్మం తలుపు బార్లా తీసే ఉంచాను.

ఒకటి మాత్రం నాకు కుదరలేదు. ఆటలో బంతికి నీడ పడదు. నేల మీద మనుషులకి నీడ ఉంటుంది, బంతికి ఉండదు. అందువల్ల అది ఎంత ఎత్తులో వస్తోందో తెలీదు. వర్చువల్ డెస్క్‌టాప్ మార్చి చూశాను, ప్యాచ్ తీసి చూశాను, తర్వాత కొత్త వైన్ తెచ్చి చూశాను. పడదు. ఆ సంగతి జతగాడికి చెబితే కాసేపు ఆడి చూశాడు.

"బౌలర్ చెయ్యి చూడండి అంకుల్," అన్నాడు. "నీడతో పని లేదు."

ఇద్దరూ అలాగే ఆడతారు ఇప్పటికీ.